పీణ్యాలో కొన్న పాత విస్కోమీటర్, ఎనిమిది నెలల తర్వాత

మొదట ఖర్చు చెప్పేస్తాను. చిక్కదనం కొలిచే ఈ యంత్రం 38,000. రిపేరు 6,500. బెంగళూరులో పీణ్యా నుంచి బొమ్మసంద్రలోని మా యూనిట్‌కి క్యాబు 1,150. యంత్రాన్ని సరిచూసుకోవడానికి, చిక్కదనం ఇంతని ముందే తెలిసిన స్టాండర్డ్ ఆయిల్ సీసా లెక్క వేరే.

మాది నలుగురం పనిచేసే యూనిట్. స్కిన్ క్లినిక్కులకి లోషన్లు, జెల్లులు చేసిస్తాం. ఇన్నాళ్ళూ చిక్కదనం చూడాలంటే శాంపిల్ బయటి ల్యాబుకి పంపేవాళ్ళం. మూడు రోజులకి ఒక కాగితం వచ్చేది, దాని మీద ఒక అంకె. అది వచ్చేదాకా బ్యాచ్ డ్రమ్ములో అలాగే కూర్చునేది. పోయిన ఏడు ఆ కాగితాలకి కట్టిన డబ్బంతా కూడి చూసుకుని, పాతదైనా సరే ఒక విస్కోమీటర్ మన బల్ల మీదే ఉండాలనుకున్నాను. కొత్తది మా స్తోమతకి ఎక్కువ.

మా లైన్‌లో ఏ కంపెనీదైనా దీన్ని బ్రూక్‌ఫీల్డ్ అనే అంటాం, ఏ ఫొటోకాపీ అయినా జిరాక్స్ అయినట్టు. ఆ కంపెనీ అమెరికాలో 1934లో మొదలైంది. నేను కొన్నది వాళ్ళది కాదు, అదే పద్ధతిలో వేరేవాళ్ళు చేసింది. డిస్‌ప్లే లేదు. గుండ్రటి డయలు, దాని మీద ఎర్ర ముల్లు, 0 నుంచి 100 దాకా గీతలు. పక్కన వేగం మార్చే నాబ్: 0.5, 1, 2.5, 5, 10, 20, 50, 100 ఆర్‌పీఎం. వెనక ఒక క్లచ్ లివరు. పై పలక మీద చిన్న నీటి బుడగ, అది మధ్యకి వస్తే యంత్రం సమంగా ఉన్నట్టు.

ఇది పనిచేసే తీరు తెలిస్తే కొనేటప్పుడు మోసపోరు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. మోటారు నేరుగా స్పిండిల్‌ని (ద్రవంలో ముంచి తిప్పే భాగం) తిప్పదు. మధ్యలో సన్నటి చుట్ట స్ప్రింగు ఉంటుంది. మోటారు స్ప్రింగుని తిప్పుతుంది, స్ప్రింగు స్పిండిల్‌ని లాక్కుపోతుంది. స్పిండిల్ మునిగి ఉన్న ద్రవం 'నేను కదలను' అని పట్టుకుంటుంది కదా, ఆ పట్టుకి స్ప్రింగు మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో ముల్లు చూపిస్తుంది. ఆ అంకెని స్పిండిల్‌కీ వేగానికీ ఉన్న ఫ్యాక్టరుతో గుణిస్తే చిక్కదనం సెంటీపాయిజ్ లెక్కలో వస్తుంది. స్ప్రింగు బలాన్ని బట్టి ఈ యంత్రాల్లో రకాలుంటాయి. ఆర్వీ రకంలో ఈ స్ప్రింగు పూర్తిగా మెలిపడటానికి 7,187 డైన్-సెంటీమీటర్ల మెలితిప్పే బలం కావాలి. ఎల్వీ రకానికి 673.7 చాలు. పల్చటి మందులు చేసేవాళ్ళు ఎల్వీ తీసుకోవాలి. మాకు జెల్లులు ఎక్కువ, అందుకని ఆర్వీ.

స్ప్రింగు సంగతి అలా ఉంచితే, స్పిండిల్ తగిలించే కడ్డీకి సూదిలాంటి మొన ఒకటి ఉంటుంది. ఆ సూది మొన చిన్న రత్నం గుంటలో కూర్చుని తిరుగుతుంది. పివట్, జ్యువెల్ అంటారు వీటిని. పాత యంత్రం ప్రాణం అక్కడే ఉంది. నా 6,500 పోయింది కూడా అక్కడే.

పాత ల్యాబ్ సామాను అమ్మే షెడ్డు పీణ్యాలో ఒకటుందని తెలిసినవాళ్ళు చెబితే మెట్రోలో వెళ్ళాను. బొమ్మసంద్రలో పసుపు లైనెక్కి ఆర్వీ రోడ్డులో దిగి ఆకుపచ్చ లైనెక్కాలి. ఆర్వీ కొనడానికి ఆర్వీ రోడ్డు మీదుగా వెళ్తున్నానని నాలో నేనే నవ్వుకున్నాను. షాపు పేరు రాయను. రేకుల షెడ్డు, మధ్యాహ్నం రెండు గంటలు. నా సంచిలోని థర్మామీటరు 30 డిగ్రీలు చూపించింది.

షాపాయన గాజు గ్లాసులో గ్లిసరిన్ పోసి, స్పిండిల్ ముంచి, 'చూడండి మేడం, పర్ఫెక్ట్' అన్నాడు. దేంతో పోల్చి పర్ఫెక్టో ఆయనకే తెలియాలి. గ్లిసరిన్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఒక్క అయిదు శాతం నీళ్ళు చేరితే దాని చిక్కదనం సగానికంటే కిందికి పడిపోతుంది. మూత తీసి ఎన్నాళ్ళయిందో తెలియని గ్లిసరిన్‌తో యంత్రాన్ని పరీక్షించడమంటే, తూకం రాయి బదులు బెల్లం ముద్ద పెట్టి త్రాసు సరిచూడటమే. పైగా గ్లాసు ఇరుకు. గోడ దగ్గరైతే స్పిండిల్ మీద పట్టు పెరిగి రీడింగు ఎక్కువొస్తుంది. ఫ్యాక్టర్ల పట్టీ 600 మిల్లీలీటర్ల బీకరు కోసం రాసింది.

నేను నాతో 1,000 సెంటీపాయిజ్ సిలికోన్ స్టాండర్డ్ ఆయిలూ బీకరూ తెచ్చుకున్నాను. ముందు స్పిండిల్ లేకుండా, దాన్ని తగిలించే కప్లింగుని వేలితో కొంచెం తిప్పి వదిలాను. ముల్లు తేలిగ్గా ఊగి, ఎక్కడా పట్టేయకుండా సున్నా దగ్గరికొచ్చి ఆగింది. పివట్ బాగుందన్నమాట. తర్వాత రెండో నంబరు స్పిండిల్, 20 ఆర్‌పీఎం. ముల్లు 45 దగ్గర నిలబడింది. ఫ్యాక్టరు 20, అంటే 900. ఆయిల్ సీసా మీది 1,000 అనే అంకె 25 డిగ్రీలకి. ఈ సిలికోన్ డిగ్రీకి సుమారు రెండు శాతం పల్చబడుతుంది, అయిదు డిగ్రీలకి పది శాతం. లెక్క అతికినట్టు సరిపోయింది. డబ్బు కట్టేశాను.

తప్పు చేసింది ఆ తర్వాత. షాపు కుర్రాడు స్పిండిల్ విప్పుతుంటే నేను బిల్లు చూస్తూ ఉన్నాను. ఈ స్పిండిళ్ళకి మర ఎడమ చేతి వాటం, మామూలు బోల్టుకి తిరగేసి. ఆ అబ్బాయి అలవాటుగా విప్పే వైపు తిప్పాడు, అది ఇంకా బిగిసింది. ఇంకా గట్టిగా తిప్పాడు. ఒక చేత్తో కడ్డీని కాస్త పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో స్పిండిల్ తిప్పాలి. అలా ఎత్తకపోతే ఆ బలమంతా సూది మొన మీద పడుతుంది. 'ఏయ్, ఆ వైపు కాదు' అని నేను అరిచేలోగా రెండు మూడు మెలికలు తిరిగాయి. మళ్ళీ ఊపి చూసుకోవలసింది. చూసుకోలేదు. క్యాబ్ డ్రైవరు హారన్ కొడుతున్నాడు, గొరగుంటెపాళ్యం ట్రాఫిక్ పెరగకముందే దాటాలని నా తొందర నాది. యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాను.

మర్నాడు యూనిట్‌లో ఆయిల్‌ని వాటర్ బాత్‌లో సరిగ్గా 25 డిగ్రీలకి తెచ్చి పెడితే 46 వచ్చింది. మళ్ళీ 47.5. మళ్ళీ 45. రావలసింది 50. ఎంత తేడా ఒప్పుకోవచ్చో లెక్కుంది: యంత్రానికి ఫుల్ స్కేలులో ఒక శాతం, రెండో స్పిండిల్ 20 వేగం దగ్గర ఫుల్ స్కేలు 2,000 కాబట్టి 20 సెంటీపాయిజ్. ఆయిల్‌కి ఒక శాతం, అంటే 10. మొత్తం 970 నుంచి 1,030. ముల్లు 48.5కీ 51.5కీ మధ్య ఉండాలి. నా రీడింగులు తక్కువ రావడమే కాదు, ఒకదానికొకటి పొత్తు లేకుండా ఉన్నాయి. కప్లింగుని ఊపి చూస్తే ముల్లు ఊగడం మానేసి, బురదలో నడిచినట్టు వచ్చి 2 దగ్గర ఆగిపోయింది. షాపుకి ఫోన్ చేస్తే 'గేటు దాటాక మాకు సంబంధం లేదు మేడం' అన్నారు. బిల్లు మీద చిన్న అక్షరాల్లో అలాగే ఉంది మరి.

రిపేరు చేసిన పెద్దాయన గురించి రాయకపోతే ఈ రివ్యూ సగమే. కోలారు వైపు తెలుగాయన, జాలహళ్ళి హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఈయన అంతకు చాలా ముందే బయటికొచ్చి ఇంట్లోనే మీటర్లు, గేజీలు బాగుచేస్తున్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని పివట్ ఊడదీశాడు. నన్నూ చూడమన్నాడు. కొత్త పివట్ మొన తుమ్మ ముల్లులా ఉంది. నాది పిల్లాడు పలక మీద రుద్ది రుద్ది అరగదీసిన బలపం మొనలా ఉంది.

'ఇది మోటారు కాదమ్మా, వాచీ. మోటారు పట్టుకున్నట్టు పట్టుకుంటే ఇంతే' అన్నాడు. పివట్, జ్యువెల్ రెండూ మార్చాడు. మూడు రోజులు పట్టింది. తెచ్చి పెడితే 50, 50, 49.5. ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది. వారానికోసారి చూస్తున్నాను.

ఇక వాడకం. తేనె, ఆముదం, చక్కెర పాకం లాంటివాటిని పెట్టి వేగం మార్చి చూడండి, ఏ వేగంలోనైనా చిక్కదనం ఒకటే వస్తుంది. వీటిని న్యూటోనియన్ ద్రవాలంటారు. న్యూటన్ 1687 నాటి పుస్తకంలో ద్రవాల నిరోధం గురించి చెప్పిన లెక్కకి లొంగేవి కాబట్టి ఆ పేరు. మందుల్లో సిరప్పులు చాలావరకు ఇంతే. అవన్నీ ఒక్క అంకెతో అయిపోతాయి. మా అత్తమ్మ అరిసెల పాకం రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూస్తుంది, అదీ ఒక విస్కోమీటరే. పాకంలాంటి ద్రవమయ్యేసరికి ఆవిడ వేళ్ళకి సరిపోతోంది.

సంగటి విషయానికొస్తే ఆవిడ వేళ్ళు చాలవు. హిందూపురంలో మా ఇంట్లో రాగి సంగటి ముద్ద చేసి కంచంలో పెడితే కూర్చున్నచోటే కూర్చుంటుంది, జారదు. వేలితో నొక్కితే లొంగుతుంది. కొంత బలం దాటాకే కదలడం మొదలుపెట్టే ఈ గుణాన్ని ఈల్డ్ స్ట్రెస్ అంటారు. దీన్ని లెక్కలోకి తెచ్చినవాడు యూజీన్ బింగ్‌హామ్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త. పదార్థాలు ఎలా పారతాయో చూసే ఈ శాస్త్రం మొత్తానికి రియాలజీ అని పేరు పెట్టిందీ ఆయనే. ట్యూబులోంచి ఆయింట్‌మెంటు నొక్కితే రావాలి, నొక్కడం ఆపితే ఆగాలి, చర్మం మీద పెట్టినచోట ఉండాలి. మా వ్యాపారమంతా ఆ గుణం మీదే నడుస్తోంది.

ఈ యంత్రం నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక గొడవలో. హోసూరులో ఒక కస్టమరు మా కార్బోమర్ జెల్ 60 కిలోల బ్యాచ్‌ని వెనక్కి కొట్టాడు. స్పెసిఫికేషన్ 40,000 నుంచి 60,000 సీపీఎస్ (సెంటీపాయిజ్), 'మాకు 26,400 వచ్చింది, మీ జెల్ నీళ్ళు' అని మెయిలు. నా బల్ల మీద అదే బ్యాచ్ 50,000. సెకండ్ హ్యాండ్ యంత్రం ఇంట్లో ఉంటే అనుమానం ముందు దాని మీదికే పోతుంది. రెండు రాత్రులు పివట్ ఊపుకుంటూ, ఆయిల్ పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. యంత్రం నిక్షేపంగా ఉంది. మూడో రోజు పొద్దున బుర్ర వెలిగి, అదే జెల్‌ని ఏడో స్పిండిల్‌తో అన్ని వేగాల్లోనూ తిప్పాను.

5 ఆర్‌పీఎం దగ్గర ముల్లు 16.5, ఫ్యాక్టరు 8,000, అంటే 1,32,000. 10 దగ్గర 20.5 వచ్చింది, 82,000. 20 దగ్గర 25, అంటే 50,000. 50 దగ్గర 33, ఫ్యాక్టరు 800, మొత్తం 26,400. 100 దగ్గర 40.5, అంటే 16,200.

26,400! వాళ్ళ అంకె సున్నాలతో సహా అదే. వాళ్ళు 50లో తిప్పారు, నేను 20లో తిప్పాను. జెల్ ఒకటే, స్పిండిల్ ఒకటే, ఇద్దరి యంత్రాలూ నిజమే చెప్పాయి. కార్బోమర్ అంటే ఉబ్బిన పాలిమర్ రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని కిక్కిరిసి ఉండటం. ఎంత వేగంగా కదిపితే అంత తేలిగ్గా దారిస్తాయి. షియర్ థిన్నింగ్ అనేది ఇదే. స్పెసిఫికేషన్ కాగితంలో వేగం లేదు, స్పిండిల్ నంబరు లేదు, ఉష్ణోగ్రత లేదు. ఉత్త 40,000–60,000. ఆ కాగితం మీద రెండేళ్ళ క్రితం సంతకం పెట్టింది నేనే. అప్పట్లో బయటి ల్యాబు కాగితం మీద కూడా ఇవేవీ ఉండేవి కావు, నాకు అడగాలని తోచలేదు. ఎంఫార్మ్‌లో ఇదంతా చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నదాన్నే.

హోసూరు ల్యాబ్ కుర్రాడికి ఫోన్ చేసి '20లో ఒకసారి పెట్టి చూడు నాయనా' అన్నాను. పావుగంటకి ఫోన్ వచ్చింది, 'మేడం, 49,000 చిల్లర'. బ్యాచ్ తీసుకున్నారు. ఇప్పుడు మా ప్రతి కాగితం మీదా 'స్పిండిల్ 7, 20 ఆర్‌పీఎం, 25 డిగ్రీలు, రెండు నిమిషాల తర్వాత' అని ఉంటుంది.

ఆ 'రెండు నిమిషాల తర్వాత' అన్న ముక్క కాలమైన్ లోషన్ నేర్పింది. అందులో కాలమైన్, జింక్ ఆక్సైడ్ పొడులు నీళ్ళలో తేలుతూ ఉండాలి. వాటిని పట్టి ఉంచేది బెంటొనైట్ మట్టి. దాని రేణువులు పలకల్లా ఉంటాయి, అంచుల మీద ఒక రకం విద్యుదావేశం, ముఖాల మీద ఇంకో రకం. అంచు వెళ్ళి ముఖానికి అతుక్కుని, సీసా కదలకుండా ఉన్నంతసేపూ లోపల పేకమేడ కట్టుకుంటాయి. ఆ మేడలో పొడి ఇరుక్కుని అడుక్కి దిగదు. సీసా కుదిపితే మేడ కూలి లోషన్ పల్చబడి దూదిలోకి వస్తుంది. వదిలేస్తే నెమ్మదిగా మళ్ళీ కట్టుకుంటుంది. దీన్ని థిక్సోట్రోపీ అంటారు. వేగానికి పల్చబడటం వేరు, ఇది వేరు. ఇక్కడ కాలం కూడా లెక్కలోకొస్తుంది.

మూడో స్పిండిల్‌తో 10లో పెడితే 32, అంటే 3,200. మెల్లగా 100 దాకా పెంచితే 780కి దిగింది. తిరిగి 10కి తెస్తే 32 రావాలి కదా, 21 వచ్చింది. మేడ ఇంకా కట్టుకోలేదు. బీకరు ముట్టుకోకుండా అరగంట టీ తాగొచ్చి చూస్తే 31. మందు సీసా మీద 'బాగా కుదిపి వాడండి' అని రాసేది ఎందుకో ఎవరికైనా ఈ అరగంట చూపిస్తే చాలు. పిల్లల సస్పెన్షన్ మందులకైతే ఇది ఇంకా ముఖ్యం. కుదపకుండా పోస్తే మొదటి చెంచాల్లో మందు తక్కువ, సీసా చివర్లో మోతాదుకి మించి.

ఇక ఈ యంత్రంతో పడలేనివి. అర లీటరు శాంపిల్ కావాలి. 200 గ్రాముల ట్రయల్ బ్యాచ్ చేసుకునే మాలాంటివాళ్ళకి ఇది తలనొప్పి. చిన్న శాంపిల్ అడాప్టర్ దొరుకుతుంది గానీ ఈ మోడల్‌కి సరిపడేది నాకింకా దొరకలేదు. 100 వేగంలో డయలు గిర్రున తిరుగుతుంటే ముల్లు చదవలేం. క్లచ్ నొక్కి ముల్లుని అక్కడే పట్టేసి, అది కిటికీలోకి వచ్చిన క్షణాన మోటారు ఆపాలి. మొదటి నెల పదిసార్లకి ఆరుసార్లు అది వెనక్కి పోయి దాక్కునేది. 0.5లో ఒక చుట్టు తిరగడానికి రెండు నిమిషాలు, అయిదు చుట్లు ఆగాలంటే అన్నం తినేసి రావచ్చు. బాగా గట్టి క్రీముల్లో స్పిండిల్ తన చుట్టూ గుంత చేసుకుని ఆ గుంతలోనే ఉత్తినే తిరుగుతుంది, రీడింగు పడిపోతూ ఉంటుంది. దానికి టీ ఆకారపు స్పిండిల్‌ని తిప్పుతూనే పైకీ కిందికీ కదిపే స్టాండు వేరే ఉంది. అది నా బడ్జెట్‌లో లేదు.

ముల్లు 10కి తక్కువ చూపిస్తే ఆ రీడింగు నమ్మకండి. యంత్రానికున్న ఒక శాతం తప్పు అంతా ఆ చిన్న అంకె మీద పడి పది శాతానికి పైనే అవుతుంది. కంటి చుక్కల మందులాంటి పల్చటివి దీని వల్ల కావు. వాటికి గాజు గొట్టం విస్కోమీటరే దిక్కు. ఆ గొట్టాల లెక్క కట్టిన పాయిజెయ్ ఫ్రెంచి వైద్యుడు. సన్నటి నాళాల్లో రక్తం ఎలా పారుతుందో తేల్చాలని మొదలుపెట్టాడు. మనం రోజూ రాసే సెంటీపాయిజ్‌లో ఉన్నది ఆయన పేరే.

ఇంకో లోటు, డిస్కు స్పిండిళ్ళలో షియర్ రేటు (ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి ఎంత వేగంగా జారుతున్నాయో) ఇంతని చెప్పలేం, ఆర్‌పీఎం మాత్రమే తెలుస్తుంది. చర్మం మీద రుద్దేటప్పుడు జెల్ ఎలా ఉంటుందో కచ్చితంగా కావాలంటే కోన్ అండ్ ప్లేట్ రియోమీటర్ ఉన్న ల్యాబుకి పంపాల్సిందే. మాకు నెలకో శాంపిల్ ఇంకా వెళ్తూనే ఉంది. ఈసారి ఏం అడగాలో తెలిసి పంపిస్తున్నాను.

యంత్రానికి 5కి 4 ఇస్తాను. పెద్దాయన రిపేరుకి 5. షాపుకి 2, అదీ ధర దగ్గర బేరం వినిపించుకున్నందుకు. మీరు వెళ్తే డబ్బు కట్టకముందు ఒకసారి, పెట్టెలో పెట్టేముందు ఇంకోసారి మీ చేత్తోనే ఊపి చూసుకోండి. స్పిండిల్ మీరే విప్పండి. స్పిండిళ్ళు కూడా లెక్కపెట్టుకోండి. బిల్లులో ఏడని రాశారు, ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే ఆరే ఉన్నాయి, అయిదో నంబరు లేదు. ఫోన్ చేసినప్పుడల్లా షాపాయన కన్నడలో 'నాళె మేడం' అంటున్నాడు, అంటే రేపని.